స్వంత తపాలా: నాందేడు నిజాము టపా మొదలు తాత్కాలిక ఈమెయిలు వఱకు

ప్రస్తావన

నాందేడు జిల్లాకును తెలుగుదేశమునకును గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. నాందేడు నగరము నొరసి పాఱు గోదావరియే కందకుర్తి, బాసర ప్రాంతమున తెలంగాణమును ప్రవేశించుచున్నది. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ తాలూకాలలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. 1956 అక్టోబరు మాసాంతము వఱకు ఈ జిల్లా హైదరాబాదు రాజ్యములోనిది. 1956 నవంబరు 1వ తేదీన బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమునను చేరినది.

ఈ ప్రాంతపు కోటలను, దేవాలయములను, శాసనములను, ప్రజోద్యమములను గూర్చి పండితులు చాల వ్రాసిరి. తపాలాను గూర్చిన విచారణ మాత్రము కొద్ది. అయినను ఈ ప్రాంతపు తపాలా చరిత్ర నేటి వారికి మిక్కిలి పనికివచ్చు ఒక ప్రశ్నను ముందుంచుచున్నది. జాబు నందుకొను పెట్టె ఎవరి అధీనమున నుండవలెను? ఊరూరను ఉత్తరములు పంచు బాధ్యతను ఒక రాజ్యము తానే వహింపవచ్చునా? ఒక వ్యక్తి వహింపవచ్చునా?

నేడు ఈమెయిలు విషయమున ఈ ప్రశ్న క్రొత్త రూపముతో వచ్చినది. కొన్ని నిమిషములకో, కొన్ని దినములకో మాత్రమే పనిచేసి, పిమ్మట నశించు ఈమెయిలు చిరునామాలు వాడుకలోనికి వచ్చినవి. వానిని సృష్టించు సేవను ఇతర సంస్థల వద్ద అర్థింపక, అద్దెకు దొరకు యంత్రముపై స్వయముగా నడుపుకొనువారును కలరు. ఇది కంప్యూటరు విద్య నేర్చినవారి వినోదముగా తోచవచ్చును. కాని దీని లోని చిక్కులన్నియు నిజాము టపాలో ఒక మాఱు కనబడినవే. స్వంత తపాలా నెలకొల్పుట సులభము. దానికి పరుల గుర్తింపు సంపాదించుట కష్టము. దానిని మర్యాదగా మూసివేయుట మఱింత కష్టము. ఈ మూడు విషయములను వరుసగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

నిజాము రాజ్యపు తపాలా

హైదరాబాదు రాజ్యమునకు స్వంత నాణెము, స్వంత రైలు, స్వంత తపాలా ఉండెడివి. నాణెము హాలీ సిక్కా. దాని 7 రూపాయలు ఆంగ్లేయ ప్రభుత్వపు 6 రూపాయలకు సుమారు సమానము. రాజ్యములోని తపాలా రుసుము ఈ నాణెములోనే చెల్లెడిది.

మొదటి సాలార్‌జంగు 1853 మొదలు 1883 వఱకు దివానుగా నుండెను. రాజ్యపాలన యంతయు జిల్లాలుగా, శాఖలుగా క్రమపడినది ఆయన కాలముననే. 1869 ఫిబ్రవరిలో నిజాము అఫ్జలుద్దౌలా మరణింపగా, శిశువగు మహబూబలీఖాను సింహాసనమునకు వచ్చెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు మాసమున హైదరాబాదు రాజ్యపు మొదటి తపాలా బిళ్ళ వెలువడెను. అది ఒక అణా విలువ గల ఆకుపచ్చని బిళ్ళ. నాటి నుండి ఎనుబది యేండ్ల కాలము ఈ తపాలా సాగినది.

1931లో వెలువడిన చిత్రముల బిళ్ళలపై చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా గుహాద్వారము, బీదరులోని మదరసా, దౌలతాబాదులోని విజయస్తంభము కానవచ్చును. 1947 ప్రాంతపు బిళ్ళ యొకదానిపై ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణము ముద్రింపబడెను. వీనిపై విలువను ఉర్దూ, ఆంగ్లము, తెలుగు, మరాఠీ లిపులలో చూపిరి. ప్రభుత్వ కార్యాలయములలో తెలుగునకు తగిన స్థానము లేని ఆ కాలమున, ప్రజలు చేతబట్టుకొను ఒక చిన్న కాగితపు బిళ్ళపై తెలుగు అక్షరము నిలిచియుండుట గమనింపదగినది. నాందేడు వంటి జిల్లాలో ఒకే తపాలా కార్యాలయమునకు మరాఠీ, తెలుగు, ఉర్దూ విలాసములు గల జాబులు రాదగును గావున ఈ నాలుగు లిపులు అలంకారమునకై పుట్టినవి గావు, వ్యవహారావసరముచే వచ్చినవి.

టపా మోయు హర్కారాల స్థానమున క్రమముగా రైలు ప్రవేశించెను. సికింద్రాబాదు నుండి నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు వఱకు పోవు హైదరాబాదు-గోదావరి లోయ రైలుమార్గము 1899–1901 సంవత్సరములలో తెఱువబడినది. ఈ మార్గముచే నాందేడు ఒక వైపున తెలంగాణముతోను, మఱియొక వైపున బొంబాయి మార్గముతోను ముడిపడినది.

స్వంత తపాలాకు గల హద్దు

ఇట్టి తపాలా సంపూర్ణ స్వతంత్రమైనదా? కాదు. హిందూదేశపు సంస్థానములలో గ్వాలియరు, పటియాలా మొదలగు కొన్ని ఆంగ్లేయ తపాలా శాఖతో ఒడంబడిక చేసికొనినవి. వాని బిళ్ళలు ఆంగ్లేయ బిళ్ళలపై సంస్థానపు పేరు ముద్రించినవి. అవి హిందూదేశమంతటను చెల్లెడివి. హైదరాబాదు అట్టి ఒడంబడికలో చేరలేదు. అది తన బిళ్ళలను తానే వేసికొనెను. తత్ఫలితముగా ఆ బిళ్ళ రాజ్యపు పొలిమేర దాటి చెల్లదయ్యెను. నాందేడు నుండి నిజామాబాదునకు వ్రాసిన జాబునకు నిజాము బిళ్ళ చాలును. నాందేడు నుండి పూనాకో, బెజవాడకో వ్రాసినచో ఆంగ్లేయ ప్రభుత్వపు బిళ్ళ కావలెను. అందుచే రాజ్యములో రెండు తపాలాలు ప్రక్కప్రక్కన నడచెడివి.

ఇందలి న్యాయము స్పష్టము. తపాలా అనునది పెట్టె, బిళ్ళ, బంట్రోతులతో పూర్తి కాదు. అవతలి తపాలా దానిని గుర్తింపవలెను. ఒడంబడిక చేసికొనిన సంస్థానమునకు గుర్తింపు లభించెను గాని బిళ్ళ తనది కాకపోయెను. చేసికొనని హైదరాబాదునకు బిళ్ళ తనదయ్యెను గాని పొలిమేర దాటలేకపోయెను. స్వాతంత్ర్యమును, గుర్తింపును ఏకకాలమున సంపాదించుటలోని ఈ చిక్కు నేటి ఈమెయిలులోను యథాతథముగా కలదు.

విలీనము – విలాసముల మార్పు

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరినది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగమున తపాలా, తంతి శాఖలు కేంద్ర ప్రభుత్వ విషయముల జాబితాలో చేర్చబడినవి. 1950 ఏప్రిలు 1న హైదరాబాదు తపాలా భారత తపాలా శాఖలో విలీనమయ్యెను. బిళ్ళ మారినది, శాఖ పేరు మారినది. కాని పెట్టెలను, పంపిణీని క్రొత్త శాఖ తన బాధ్యతగా స్వీకరించినది. పాత తపాలాకు ఉత్తరాధికారి యుండెను. ఈ విషయము వ్యాసాంతమున మరల అవసరమగును.

ఆఱేండ్ల పిమ్మట మఱియొక మార్పు కలిగెను. 1956 నాటి రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము ననుసరించి, నాందేడు జిల్లాలోని దెగ్లూరు తాలూకా నుండి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళును, ముథోల్ తాలూకా నుండి ముథోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళును ఆంధ్రప్రదేశమున చేర్చబడినవి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకాయు, బోథ్ తాలూకా లోని ఇస్లాపూరు సర్కిలును బొంబాయి రాష్ట్రమున చేరినవి. ఏ యింటివారును ఇల్లు మారలేదు. ఏ బావియు స్థానము కదలలేదు. కాని ఒక్క దినమున వేలకొలది విలాసములు మారినవి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు అమలునకు వచ్చిన తరువాత ఈ భేదము అంకెలలో స్థిరపడినది. నాందేడు నగరపు పిన్‌కోడు 4316తో ప్రారంభమగును; భైంసా, ముథోల్‌లది 504తో ప్రారంభమగును.

విలాసము మనుష్యునికి పుట్టుకతో వచ్చునది కాదని, దాని నొసగు అధికారి చేతిలో నుండునదని ఈ సరిహద్దు గ్రామములు ప్రత్యక్షముగా చూచినవి.

తాత్కాలిక విలాసమను భావము

కొలది దినములకు మాత్రమే విలాసము కలిగియుండుట క్రొత్త యూహ గాదు. తపాలా శాఖలో 'పోస్టు రెస్టాంటు' అను పద్ధతి చిరకాలముగా కలదు. ఊరూర తిరుగు బాటసారి తన పేరును, తాను చేరబోవు తపాలా కార్యాలయపు పేరును మాత్రము బంధువులకు తెలుపును. జాబు ఆ కార్యాలయముననే నిలుపబడి, అతడు వచ్చి అడిగినప్పుడు ఇయ్యబడును. నిర్ణీత దినములలో అతడు రానిచో వ్రాసినవారికి తిరిగి పంపబడును. గురుగోవిందసింగు 1708లో పరమపదించిన హజూర్ సాహెబును దర్శింప దేశపు నాలుగు మూలల నుండి యాత్రికులు వచ్చు నాందేడు వంటి క్షేత్రమున ఇట్టి పద్ధతి యెంత ఉపయుక్తమో చెప్పనక్కరలేదు.

పెట్టె సంఖ్యను అద్దెకు తీసికొనుట మఱియొక పద్ధతి. పత్రికలో ప్రకటన వేయువాడు తన యింటి విలాసము వెల్లడింపక పెట్టె సంఖ్యను మాత్రము అచ్చువేయించును. దీనిని ఎవరును మోసముగా నెంచలేదు. జాబు అందుకొను హక్కు వేఱు, ఇంటి గుట్టు వెల్లడించు బాధ్యత వేఱు అని లోకము అంగీకరించినది.

ఈమెయిలు – స్వంత తపాలాకు పునర్జన్మ

1971లో అమెరికా దేశమున రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఆర్పానెట్ అను యంత్రజాలముపై ఒక యంత్రము నుండి మఱియొక యంత్రమునకు జాబు పంపెను. వ్యక్తి పేరునకును, యంత్రపు పేరునకును నడుమ 'ఎట్' గుర్తు నుంచినవాడు ఆయనయే. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఈ జాబుల మార్పిడికి ఎస్.ఎం.టి.పి. అను నియమావళిని ప్రకటించెను. 1983లో పాల్ మొకపెట్రిస్ యంత్రముల పేర్లకు డి.ఎన్.ఎస్. అను నామావళిని నిర్మించెను. 1986లో క్రెగ్ పార్‌ట్రిజ్ ఆ నామావళిలోని ఎం.ఎక్స్. నమోదుల ననుసరించి జాబులను నడపు పద్ధతిని వివరించెను. ఒక డొమైను పేరునకు వచ్చు జాబులను ఏ యంత్రము అందుకొనవలెనో తెలుపునదే ఎం.ఎక్స్. నమోదు.

ఈ నియమములలో ఒక విశేషము కలదు. ఎవరి అనుజ్ఞయు లేకుండ, డొమైను పేరు గల ప్రతివాడును తన తపాలా కార్యాలయమును తాను తెఱువవచ్చును. రాజునకు, ప్రభుత్వమునకు మాత్రమే చెల్లిన అధికారము ఇందుమూలమున సామాన్యునికి దక్కినది. అధికారముతో బాటు విధియు వచ్చినది. జాబుల నందుకొను ప్రతి యంత్రమును 'పోస్ట్‌మాస్టరు' అను పేర ఒక పెట్టెను విధిగా కలిగియుండవలెనని నియమావళి శాసించుచున్నది. ఫిర్యాదు వచ్చినపుడు విను మనుష్యుడొకడు అక్కడ ఉండవలెనని దాని భావము.

భారతదేశమున 1986లో ప్రారంభమైన ఎర్నెట్ అను విద్యాసంస్థల యంత్రజాలముచే ఈమెయిలు వచ్చెను. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఇంటర్నెట్టును ప్రజలకు అందించెను. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిల్‌ను స్థాపింపగా, 1997 చివర దానిని మైక్రోసాఫ్ట్ కొనెను. 2004 ఏప్రిలు 1న గూగుల్ సంస్థ జీమెయిల్‌ను ప్రారంభించెను. ఉచితముగా పెట్టె దొరకుటచే లోకులు స్వంత తపాలా నడుపు శ్రమ మానిరి. చిన్న తపాలాలు అనేకము మూతపడి, లోకపు జాబులలో అధికభాగము కొలది పెద్ద సంస్థల పెట్టెలలో చేరుచున్నది. 1950లో శాసనముచే జరిగిన విలీనము, ఇచట సౌలభ్యముచే జరిగినది.

పారవేయదగు చిరునామా పుట్టుక

పంపుటకు ఖర్చు లేనందున ఈమెయిలులో అయాచిత ప్రకటనలు ప్రబలినవి. 1978 మే మాసమున గ్యారీ థ్యూర్క్ అను విక్రేత ఆర్పానెట్‌పై సుమారు 400 మందికి ఒకే ప్రకటనను పంపెను. దీనినే మొదటి అయాచిత ఈమెయిలుగా చరిత్రకారులు లెక్కించుచున్నారు. తరువాతి కాలమున ఈ వరద కట్టలు తెంచుకొనినది. ఒక వ్యాసము చదువుటకు, ఒక పుస్తకపు ప్రతి దించుకొనుటకు, ఒక ధరల పట్టిక చూచుటకు సైతము ఈమెయిలు చిరునామా అడుగు ఆచారము వచ్చెను. ఇచ్చిన చిరునామా చేతులు మారును, ప్రకటనలు వచ్చును, ఒక్కొక్కప్పుడు దొంగల పాలగును.

ఈ బాధకు విరుగుడుగా 2003లో పాల్ టైమా అను అమెరికను ప్రోగ్రామరు మెయిలినేటర్ అను సేవను నెలకొల్పెను. అచట ఖాతా తెఱువ నక్కరలేదు. ఆ డొమైనునకు ముందు ఏ పేరు చేర్చినను అది పెట్టెయే. వచ్చిన జాబు కొంతసేపు నిలిచి నశించును. అయితే ఆ బహిరంగపు పెట్టెకు తాళము లేదు. పేరు ఊహించిన ప్రతివాడును చదువవచ్చును. 2006లో పది నిమిషముల ఆయుర్దాయము గల చిరునామా లొసగు సేవయు, గెరిల్లా మెయిల్ అను సేవయు వచ్చెను. 2020, 2021 సంవత్సరములలో ఫైర్‌ఫాక్స్ రిలే, ఆపిల్ సంస్థ వారి 'హైడ్ మై ఈమెయిల్' అనునవి వేఱొక మార్గమును త్రొక్కినవి. ఇవి మారుపేరు చిరునామా నిచ్చి, దానికి వచ్చు జాబును అసలు పెట్టెకు చేర్చును.

ఇవి యన్నియు ఉపకారకములే. కాని ఒక సంశయము మిగులును. గుట్టు కాపాడుకొనుటకై ఆశ్రయించిన సేవ యొక్క యజమానియే జాబులను చదువగలడు గదా! ఈ సంశయమే స్వంతముగా నడుపుకొనుటకు ప్రేరకము.

నిర్వహణ విధానము

స్వంత సేవ నడుపుటకు కావలసినవి నాలుగు: డొమైను పేరు, దానికి ఎం.ఎక్స్. నమోదు, జాబు లందుకొను సర్వరు, కాలము తీరిన జాబులను చెరపు ఏర్పాటు.

డొమైనును సంవత్సరమునకు ఇంత అని అద్దె కట్టి పొందవలెను. సర్వరును ఇంట నుంచుకొనుట కష్టము. విద్యుత్తు ఆగినచో టపా ఆగును. అందుచే క్లౌడు అను పేర అద్దెకు దొరకు యంత్రములను ఆశ్రయింతురు. అమెజాన్ సంస్థ 2006లో ఈ అద్దె యంత్రముల వ్యాపారమును విస్తృతముగా ఆరంభించెను. దాని యంత్రశాలలు 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను తెఱువబడినవి. నాందేడువాసి యొకడు నేడు ఇట్టి సేవను నడుపదలచినచో, ఒకప్పుడు తన జిల్లా టపాను శాసించిన హైదరాబాదు నగరముననే నెలకు కొన్ని వందల రూపాయల అద్దెతో చిన్న యంత్రమును పొందవచ్చును. ఇందు ఒక పరిమితి గమనింపవలెను. పెట్టె తాళము తనది. పెట్టె నుంచిన గది మాత్రము పరునిది.

యంత్రముపై జాబుల నందుకొను కార్యక్రమమును స్థాపింపవలెను. వియెట్జె వెనెమా రచించి 1998లో వెలువరించిన పోస్ట్‌ఫిక్స్ ఇందుకు ప్రసిద్ధమైనది, ఉచితముగా లభించును. పంపు యంత్రము 'హెలో' అని పలుకరించును. పంపువారి పేరు, అందుకొనువారి పేరు చెప్పును. పిమ్మట జాబు నిచ్చును. సాధారణ తపాలాలో పెట్టె లేని పేరునకు జాబు వచ్చినచో సర్వరు '550' అను సంఖ్యతో నిరాకరించును. తాత్కాలిక సేవలో మాత్రము డొమైనునకు ముందు ఏ పేరున్నను అంగీకరింపుమని ఆజ్ఞ యిత్తురు. వచ్చిన జాబునకు గంటయో, దినమో ఆయుర్దాయము నిర్ణయింతురు. కాలము తీరగానే యంత్రమే దానిని చెరపును.

ఇందు జాగ్రత్త వహింపవలసిన విషయములు కలవు. పేరును ఊహింప వీలులేని దీర్ఘమైన అక్షరముల కూర్పుగా చేయవలెను. లేనిచో పెట్టె బహిరంగమగును. జాబుల పరిమాణమునకు హద్దు పెట్టవలెను. లేనిచో ఎవడో ఒకడు యంత్రమును నింపివేయును. జాబులోని చిత్రములను వెంటనే తెఱువరాదు. చదివిన సంగతి పంపినవానికి ఆ చిత్రముల మూలముననే తెలియును. అన్నిటికంటె ముఖ్యమైనది: తన డొమైనునకు గాని జాబును అంగీకరించి ఇతరులకు అందింపరాదు. అట్టి తెఱచిన ద్వారము దొరకినచో అయాచిత ప్రకటనలు పంపువారు దానిగుండ లక్షల జాబులు నడపుదురు. నింద యజమానిపై పడును.

గుర్తింపు సమస్య

నిజాము బిళ్ళకు గల పొలిమేర ఇచట మరల ఎదురగుచున్నది. స్వంత సర్వరు నుండి జాబు పంపదలచినవానికి గుర్తింపు సులభముగా దొరకదు. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్ అను మూడు ధ్రువపత్ర పద్ధతులు 2006–2015 నడుమ నెలకొన్నవి. ఈ జాబు నిజముగా ఈ డొమైను నుండియే వచ్చెనని ఇవి ఋజువు చేయును. ఇవి సక్రమముగా నున్నను, క్రొత్త యంత్రపు జాబును పెద్ద సంస్థలు సందేహముతో చూచును. 1998లో స్థాపింపబడిన స్పామ్‌హాస్ వంటి సంస్థల నిషేధ జాబితాలో యంత్రపు సంఖ్య చేరినచో జాబు గుమ్మము దాటదు. అద్దె యంత్రముల యజమానులలో పలువురు, జాబులు బయటికి పంపు 25వ సంఖ్య ద్వారమును ముందుగనే మూసియుంచుదురు.

తాత్కాలిక సేవకు ఈ బాధ చాల వఱకు లేదు. కారణము: అది అందుకొనును గాని పంపదు. అందుకొనుటకు ఎవరి గుర్తింపును అక్కరలేదు, ఎం.ఎక్స్. నమోదు చాలును. స్వంత తపాలాలలో దీనిని నడుపుట తేలిక యగుటకు ఇదియే మూలము.

కాని గుర్తింపు సమస్య దొడ్డిదారిన మరల వచ్చును. తాత్కాలిక చిరునామాల డొమైనుల జాబితాలు బహిరంగముగా లభించుచున్నవి. వ్యాపార సంస్థలు వానిని చూచి, ఆ డొమైను గల చిరునామాను నిరాకరించుచున్నవి. వారి పక్షమునను న్యాయము లేకపోలేదు. ఉచిత బహుమానమును పదిమాఱులు పొందుటకు పది చిరునామాలు పుట్టించువారు కలరు. పలువురకు ఉపయోగపడు సేవ పేరు పొందిన కొలది జాబితాలో చేరును. ఒక కుటుంబమునకు మాత్రము ఉపయోగపడు చిన్న సేవ ఎవరి కంటను పడక సాగును. నిజాము బిళ్ళ వలెనే ఇదియు తన చిన్న పొలిమేరలో నిశ్చింతగా చెల్లును.

శాసనము – మర్యాద

జాబు గుట్టు విషయమున భారతీయ శాసనము రెండు ముఖములు కలిగియున్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి వ్యాజ్యమున వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము వచ్చెను. వేఱొక వైపున, 1898 నాటి తపాలా చట్టము నిర్దిష్ట సందర్భములలో జాబులను ఆపి పరీక్షించు అధికారమును ప్రభుత్వమున కొసగినది. దాని స్థానమున 2024 జూన్‌లో అమలునకు వచ్చిన క్రొత్త చట్టములోను అట్టి అధికారము కలదు. ఈమెయిలునకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము వర్తించును. 2022 ఏప్రిలు 28న సెర్ట్-ఇన్ సంస్థ, సేవలు నడుపువారు తమ యంత్రముల నమోదులను 180 దినములు భద్రపఱుపవలెనని ఆదేశించెను.

కావున ప్రజలకు సేవ నొసగువాడు జాబును గంటలో చెరపినను, ఏ యంత్రము ఎప్పుడు వచ్చెననెడి నమోదును వెంటనే చెరపుట తగదు. ఇంటివారికి మాత్రమే నడుపుకొనుట వేఱు, లోకులకు ద్వారము తెఱచుట వేఱు. రెండవ దానితో పోస్ట్‌మాస్టరు బాధ్యత సంక్రమించును. బెదిరింపులకో, మోసములకో ఆ ద్వారము ఉపయోగపడినచో సమాధానము చెప్పవలసినవాడు అతడే.

వాడుకరి సైతము వివేకము పాటింపవలెను. ఒకమాఱు చూచి విడుచు విషయములకు తాత్కాలిక చిరునామా తగును. పరీక్షల ప్రవేశపత్రము, బ్యాంకు ఖాతా, ఉద్యోగపు దరఖాస్తు, వైద్య నివేదిక, స్కాలర్‌షిప్పు మొదలగు వానికి దానిని వాడుట తన చేతులతో తన విలాసమును చెఱపుకొనుటయే. మఱచిన రహస్యపదమును మరల పొందుటకు వచ్చు జాబు, నశించిన పెట్టెకు చేరదు. తపాలా శాఖలో చేరని జాబులను తెఱచి పంపినవారిని వెదకు కార్యాలయము కలదు. ఇచట అట్టి కార్యాలయము లేదు.

మూసివేత

స్వంత తపాలా నడుపువారు తఱచు మఱచు విషయము దాని అంతము. సంవత్సరపు అద్దె కట్టనిచో డొమైను కొంతకాలమునకు మరల అంగడికి వచ్చును. దానిని క్రొత్తగా కొనినవాడు ఎం.ఎక్స్. నమోదును తన యంత్రమునకు త్రిప్పుకొనును. నాటి నుండి పాత చిరునామాలకు వచ్చు ప్రతి జాబును అతనిదే. అందు ఎవరో ఒకరి ఖాతాను మరల తెఱచు తాళపుచెవి యుండవచ్చును. చిరునామాను పారవేయుట వేఱు, డొమైనును పారవేయుట వేఱు. మొదటిది నడుపువాని ఉద్దేశము, రెండవది పరుల పాలిటి ప్రమాదము.

1950లో నిజాము టపా ముగిసినపుడు జాబులు వీథిని పడలేదు. ఉత్తరాధికారి ముందుగా నిర్ణీతుడై యుండెను. వ్యక్తి నడుపు సేవకు అట్టి ఉత్తరాధికారి స్వయముగా దొరకడు, ఏర్పఱుపవలెను. సేవ నిలుపు తేదీని ముందుగా ప్రకటించుట, క్రొత్త చిరునామాల నొసగుట మానుట, నిలిచియున్న జాబులను చెరపుట, జాబుల నందుకొనక నిరాకరించునట్లు సర్వరును అమర్చుట, ఆ పిమ్మటను కొన్ని సంవత్సరములు డొమైను అద్దెను చెల్లించుచుండుట – ఇవి మర్యాద గల మూసివేతకు అంగములు.

ఉపసంహారము

హైదరాబాదు రాజ్యము ఎనుబది యేండ్లు తన తపాలాను తాను నడపినది. పొలిమేరలో అది సమర్థముగా పనిచేసినది. పొలిమేర బయట పరుల బిళ్ళను ఆశ్రయించినది. తుదకు బాధ్యతను మఱియొకరికి అప్పగించి తొలగినది. నేడు నాందేడులోనో, భైంసాలోనో ఒక విద్యార్థి చిన్న అద్దె యంత్రముపై నడుపు తాత్కాలిక ఈమెయిలు సేవకును ఇవే మూడు దశలు. రాజ్యమునకు మంత్రులు, శాఖాధికారులు, ఒడంబడికలు ఉండెను. ఈ చిన్న తపాలాకు అతడే మంత్రి, అతడే పోస్టుమాస్టరు, అతడే హర్కారా.

1956లో సరిహద్దు గ్రామముల విలాసములు వారి నడుగకయే మారినవి. నేటి మనుష్యునికి తన విలాసమును తానే కల్పించుకొని, తానే రద్దుచేసికొను అవకాశము లభించినది. ఇది చిన్న స్వాతంత్ర్యమే యైనను విలువ గలది. దానిని కోరువారు పోస్టుమాస్టరు పెట్టెను ఖాళీగా నుంచరాదు. డొమైను అద్దె తేదీని మఱవరాదు.